రెండుసార్లు కాల్చిన బిస్కెట్లు

ఒక వయసులో మనిషికి ఏదో ఒక జబ్బు పట్టుకుంటుంది. కొందరికి కవిత్వం, కొందరికి ప్రేమ, మా పెదనాన్న కొడుక్కి గిటారు. నాకు మాటల పుట్టుపూర్వోత్తరాల జబ్బు పట్టుకుంది. ఇప్పుడైతే ఏ మాట ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలంటే ఫోను మీద వేలు ఆనించి ఊరుకోవచ్చు, పక్కవాళ్ళకు ప్రమాదం లేదు. భిలాయిలో మేం స్టీలు ప్లాంటు క్వార్టర్లో ఉన్న ఆ రోజుల్లో అలా కాదు. తెలుసుకోవడానికి కష్టపడాలి, కష్టపడి తెలుసుకున్నాక ఎవరో ఒకరిని పట్టుకుని చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేది. నా కడుపు ఉబ్బకుండా కాపాడడానికి మా ఇంట్లోవాళ్ళూ, వీధిలోవాళ్ళూ పడ్డ పాట్లు తలుచుకుంటే ఈ రోజుకీ వాళ్ళ మీద జాలేస్తుంది.

అప్పుడే ఎం.ఏ. ఇంగ్లీషు పాసయ్యాను. వైశాలి నగర్లో ఒక టైలరు దుకాణం మీద మేడగదిలో నడిచే స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. (ఉద్యోగం అనకూడదు గానీ, ఇంట్లో అలాగే చెప్పుకునేవాళ్ళం.) ఒకరోజు దుర్గ్ స్టేషను బయట పాత పుస్తకాల బండి మీద ఇటుకంత నిఘంటువు ఒకటి కనబడితే కొనుక్కొచ్చాను. దాంట్లో ప్రతి మాటకూ చివర చిన్న చిన్న అక్షరాల్లో దాని వంశం రాసి ఉండేది. ఫలానా మాట లాటిన్‌లో పుట్టింది, ఫ్రెంచివాళ్ళింట్లో పెరిగింది, ఆపైన ఇంగ్లీషువాళ్ళింటికి కోడలుగా వచ్చింది అని. పెళ్ళిళ్ళ పేరయ్య చేతికి జాతకాల కట్ట దొరికినట్టయింది నా పని. కింద టైలరు దగ్గరికి వెళ్ళి, "టైలరన్న మీ పేరు లాటిన్‌లో కోయడం నుంచి పుట్టి ఫ్రెంచి మీదుగా వచ్చింది, అసలు మీరు కుట్టేవారు కాదు, కోసేవారు" అని చెప్పాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి, "మరి కుట్టేది ఎవరు మేడమ్?" అని అమాయకంగా అడిగాడు. ఇంట్లో అమ్మ పొయ్యి ఆపమంటే ఆపకుండా, కర్ఫ్యూ అనే మాటకు ఫ్రెంచిలో నిప్పును కప్పడం అని అర్థమని, అందులో నిప్పు లాటిన్ పొయ్యిలోంచి వచ్చిందని నిలబడి చెబుతుండేదాన్ని. "ముందు పాలు సూడే, పొంగి పొయ్యి పాలయ్యాయి" అనేది అమ్మ.

నాన్న ఒక్కడే ఓపిగ్గా వినేవాడు. ఆయన రైలుపట్టాలు తయారయ్యే మిల్లులో ఆపరేటరు. శ్రీకాకుళం జిల్లా నుంచి మీసం రాని వయసులో వచ్చి, ఆ మిల్లు హోరులోనే మీసం నెరిసేదాకా ఉన్నాడు. హోరుకు అలవాటుపడ్డ మనిషి కాబట్టి నా మాటలు ఆయనకు పెద్ద ఇబ్బంది కాలేదనుకుంటాను. ఫర్నేస్ అనే మాట కూడా లాటిన్‌దే నాన్నా, ఫ్రెంచివాళ్ళు తెచ్చి ఇంగ్లీషువాళ్ళకిచ్చారు అని చెబితే, కాసేపు ఆలోచించి, "ఎవులు తెత్తే ఏటి తల్లీ, కాలేది మా మొహాలే గదా" అన్నాడు.

అలాంటి నాన్నకు రిటైరయ్యే నెల వచ్చింది. అప్పట్నుంచి ఆయనలో ఒక మార్పు. పైకి ఏమీ లేనట్టే తిరిగేవాడు గానీ, టెంటు హౌసు నుంచి కుర్చీలు ఎన్ని తేవాలి అన్న విషయం రోజూ ఎత్తేవాడు. మా మిల్లులో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా రిటైరైతే ఆఖరి షిఫ్టు దిగగానే మెడలో దండేసి, స్కూటర్ల మీద ఊరేగింపుగా ఇంటిదాకా దింపుతారు. ఇంటివాళ్ళు వచ్చినవాళ్ళందరికీ ఒక పొట్లం ఇస్తారు. అందులో ఒక సమోసా, ఒక బర్ఫీ, ఇన్ని చిప్సు. ఆ పొట్లమే గొప్ప చిక్కు. అది చేతికి రాగానే జనం గేటు దగ్గరే నిలబడి సమోసా కొరికి, బర్ఫీ జేబులో వేసుకుని, "అచ్ఛా భయ్యా, చల్తే హై" అని స్కూటరు తన్నేస్తారు. టెంటు హౌసు కుర్చీలు వేసినవి వేసినట్టే ఉంటాయి. రిటైరైన మనిషి దండతో వరండాలో ఒక్కడూ కూర్చుని ఉంటాడు.

ఒక సాయంత్రం అమ్మతో అంటుంటే విన్నాను. "నానూ అలగే వచ్చీసేవోణ్ణి గదే. ఎంతమందిని దింపినానో, ఒక్కడింట్లోనూ కుర్చీలో కూకోలేదు. మరి నాకాడ ఎవులు కూకుంటారు?" అన్నాడు. అమ్మ బియ్యం ఏరుతూ, "కూకోపోతే పోనియ్యండి, మనకేటి" అంది గానీ, ఆమెకూ గుచ్చుకున్నట్టుంది. అక్కడే చేట పక్కన పెట్టి ఒక నిర్ణయం తీసుకుంది. పొట్లాలు వద్దు. ఇంటి బిస్కెట్లు పెడదాం అని.

ఇక్కడ ఆ బిస్కెట్ల సంగతి చెప్పాలి. మా అమ్మ బెల్లం, గోధుమపిండి, నువ్వులు కలిపి చేయించే బిస్కెట్లు నాన్న టిఫిను డబ్బాలో ఏళ్ళ తరబడి మిల్లుకు వెళ్ళాయి. వెళ్ళిన డబ్బా ఎప్పుడూ ఖాళీగానే వచ్చేది గానీ, అందులో నాన్న తిన్నవి ఏవో రెండు. మిగతావి క్రేన్ నడిపే మావయ్య ఒకాయన ఉండేవాడు, పార్వతీపురం వైపు మనిషి, నాన్నను బావా అని పిలిచేవాడు, ఆయన పంచేసేవాడు. చేయించే అని ఎందుకన్నానంటే, భిలాయిలో బిస్కెట్లు ఇంట్లో కాల్చరు. పిండి, నెయ్యి, బెల్లం అన్నీ స్టీలు డబ్బాల్లో పెట్టుకుని బేకరీకి పట్టుకెళ్ళాలి. బేకరీ చాచా మన కళ్ళ ముందే కలిపి, రేకు పళ్ళాల్లో పరిచి, తన భట్టీలో కాల్చి ఇస్తాడు. కళ్ళ ముందే అన్నది ముఖ్యం. మా వీధి ఆడవాళ్ళందరి గట్టి నమ్మకం ఏమిటంటే, మనం రెప్ప వేస్తే మన నెయ్యి డబ్బా మారిపోయి డాల్డా డబ్బా అవుతుందని. అందుకని భట్టీ ముందు స్టూలు వేసుకుని కాపలా కూర్చుంటారు. పాపం చాచా మంచివాడే. కొన్నేళ్ళుగా ఇంతమంది తెలుగావిడలు తన నెయ్యి నిజాయితీని కాపలా కాయగా కాయగా, ఆయనకు తెలుగు కూడా వచ్చేసింది.

రిటైర్మెంటుకు ముందురోజు అమ్మ ఊరి నుంచి దిగే చుట్టాల కోసం వంటింట్లో ఇరుక్కుపోయింది. కాపలా డ్యూటీ నాకు పడింది. "సూడే, నెయ్యి మీంచి కన్ను తియ్యకు. పుస్తకం పట్టికెళ్ళకు. అన్నిటికన్నా ముందు దేవుడికి పెట్టాలి, ఎవులూ ఎంగిలి చెయ్యొద్దు" అని మూడు ఆజ్ఞలు చేసింది. పుస్తకం పట్టుకెళ్ళలేదు. అంత బరువు మోసుకుని డబ్బాలు కూడా మొయ్యలేను గదా. అయినా పుస్తకంలోది తలలో ఉంటే ఏం చేస్తారు.

చాచా పిండి కలిపాడు, నువ్వులు చల్లాడు, పళ్ళాలు భట్టీలోకి తోశాడు. నేను నెయ్యి మీంచి కన్ను తీయలేదు, ఆ మాట మీద ఒట్టు. కాసేపటికి పళ్ళాలు బంగారు రంగుతో, కమ్మటి వాసనతో బయటికొచ్చాయి. చాచా చేతులు దులుపుకుని, "అయిపోయింది బేటీ, చల్లారగానే డబ్బాలో ఏసుకో" అన్నాడు. అప్పుడు నాలో లాటిన్ నిద్ర లేచింది. "ఒక్కసారేనా కాల్చడం?" అన్నాను. "మరి ఎన్నిసార్లు?" అన్నాడాయన. "చాచా, బిస్కెట్ అంటే అర్థం తెలుసా? లాటిన్‌లో బిస్ అంటే రెండుసార్లు, కోక్టుస్ అంటే కాల్చినది. అది ఫ్రెంచివాళ్ళ నోట్లో బెస్క్యూట్ అయింది, అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. రెండుసార్లు కాల్చితేనే బిస్కెట్. ఒక్కసారి కాల్చితే దానికి ఆ పేరు చెల్లదు" అన్నాను.

చాచా చాలాసేపు నన్నూ, పళ్ళాన్నీ మార్చి మార్చి చూశాడు. "రెండుసార్లు కాలిస్తే టోస్టు అవుద్ది బేటీ" అన్నాడు మెల్లగా. అంటే రస్కు అని ఆయన ఉద్దేశం. అక్కడే నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది. "టోస్టు కూడా లాటినే చాచా, మాడ్చడం నుంచి పుట్టి, అదీ ఫ్రెంచి మీదుగానే వచ్చింది" అన్నాను. దీంతో ఆయన డంగైపోయాడు. తన దుకాణంలో ఉన్న సరుకంతా ఇన్ని దేశాలు తిరిగి వచ్చిందని ఆయనకు అంతవరకూ తెలియదు. చొక్కా అంచు సర్దుకుని, వంశగౌరవం తెలిసిన జమీందారులా మొహం పెట్టాడు. "మా అబ్బాజాన్ కాలం నుంచీ ఒక్కసారే కాలుస్తున్నాం. అంటే అంతా తప్పు చేశామా?" అని దిగులుగా అడిగాడు. "తప్పు కాదు, తెలియక" అని నేను దయతో క్షమించాను. ఆయన వెంటనే పళ్ళాలన్నీ మళ్ళీ భట్టీలోకి తోశాడు. తోస్తూ, వరసలో డబ్బాలతో కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళకు, "సూడండమ్మా, అసలు బిస్కెట్ అంటే ఇదీ" అని చెప్పాడు. (వాళ్ళు తమవి ఒక్కసారే కాల్చమన్నారు. చదువుకోనివాళ్ళు అనుకున్నాను మనసులో.)

రెండో కాల్పులోంచి బిస్కెట్లు ఎర్ర మట్టి రంగులో వచ్చాయి. చూడడానికి మహా అందంగా ఉన్నాయి. డబ్బాలో వేస్తుంటే ఒక చప్పుడు వచ్చింది. గచ్చకాయలు పోసినట్టు. అది కూడా నాకు సంగీతంలాగే వినబడింది. ఎంగిలి చెయ్యొద్దంది కాబట్టి ఒక్కటీ నోట్లో వేసుకోలేదు. జీవితంలో అమ్మ మాట అంత తు.చ. తప్పకుండా విన్నది ఆ ఒక్కరోజే, అదే కొంప ముంచింది.

మర్నాడు ఉదయం నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఖరి షిఫ్టుకు వెళ్ళాడు. గేటు దగ్గర ఆగి, కుర్చీలు వేసిన వరుసల వైపు ఒకసారి చూసి, "ఎక్కువయ్యాయేటో" అని తనలో తనే అనుకుని వెళ్ళిపోయాడు. అమ్మ దేవుడి ముందు బిస్కెట్లు పెట్టి హారతిచ్చింది. దేవుడు ఏమీ అనలేదు. ప్రసాదం కదా అని అమ్మ ఒకటి తీసి విరవబోయింది. విరగలేదు. రెండు చేతులతో పట్టుకుంది. విరగలేదు. పన్నుతో కొరకబోయి ఆగి, గడప మీద కొట్టింది. గడప మీద ఉన్న పసుపు రాలింది గానీ బిస్కెట్టు అలాగే ఉంది.

"ఏటే ఇది?" అంది అమ్మ. గొంతు చాలా నెమ్మదిగా ఉంది, దానికే నాకు భయమేసింది. నేను బిస్ గురించీ, కోక్టుస్ గురించీ, ఫ్రెంచి గురించీ మొదలుపెట్టాను. ఆమె పూర్తిగా విని, "బెల్లప్పాకం రెండోసారి కాలితే ఏటవుద్దో ఆ పుస్తకంలో రాయలేదేటే?" అంది. రాయలేదు. అంతకన్నా సిగ్గుచేటు సంగతి ఏమిటంటే, లోపలికి పరుగెత్తి పుస్తకం తీసి చూస్తే, పూర్వం నెలల తరబడి ఓడ ప్రయాణాలకు చెడిపోకుండా అలా రెండుసార్లు కాల్చేవారని, తరవాత ఆ పద్ధతి పోయి పేరు మాత్రం మిగిలిందని, కింద వరసలో శుభ్రంగా అచ్చేసి ఉంది. నేను ఆ మాట పుట్టింటికి వెళ్ళి వివరాలన్నీ అడిగొచ్చాను గానీ, ఇప్పుడు కాపురం ఎక్కడ చేస్తోందో కనుక్కోలేదన్నమాట. మంచం మీద కూర్చుని ఏడ్చాను. నాన్నకు ఉన్నది ఒక్క ఆఖరి రోజు, దాన్ని నేను కాల్చి పెట్టాను, అదీ రెండుసార్లు.

సమోసాలు తెప్పిద్దామంటే ఊళ్ళోంచి వచ్చిన మా మేనత్త అడ్డం పడింది. నాన్న మిల్లంతా ఇంటి బిస్కెట్లని చెప్పుకున్నాడట, మాట పోతుందంది. అమ్మ కాసేపు నడుం మీద చెయ్యేసుకుని నిలబడి, "సరే, టీ పెద్ద గిన్నెతో పెట్టు. ఏ రాయయినా నానితే మెత్తబడద్దేటో సూద్దాం" అంది.

మధ్యాహ్నం స్కూటర్ల హారన్లు వినబడ్డాయి. దండ వేసుకుని నాన్న ముందు బండి మీద, వెనక మిల్లు జనం. బీహారువాళ్ళు, ఒరియావాళ్ళు, ఛత్తీస్‌గఢీవాళ్ళు, మనవాళ్ళు. అందరి వెనక కారులో మిల్లు పెద్ద సాబ్ కూడా వచ్చాడు. గేటు దగ్గరే అలవాటుగా చేతులు చాచి నిలబడ్డారు. నేను పళ్ళెం పట్టుకుని బలిపశువులా ముందుకు వెళ్ళాను. మొదట పెద్ద సాబ్ తీసుకుని కొరికాడు. ఆయన మొహంలో మర్యాద అలాగే ఉంది గానీ దవడ కదలలేదు. క్రేన్ మావయ్య ఒకటి తీసుకుని కొరికి, నోట్లోంచి తీసి, వెనక్కి తిప్పి చూసి, ఇనప కుర్చీ చేతి మీద టక్ టక్ మని కొట్టాడు. కుర్చీ మోగింది. "రావుజీ, ఏ తో అప్నీ పట్రీ హై" అన్నాడు వెనక నుంచి ఒక బీహారాయన, ఇది మన మిల్లు పట్టాయే గదా అని. (భిలాయిలో తెలుగువాడు ఏ ఇంటిపేరుతో పుట్టినా రావుజీయే.) ఇంకొకాయన బిస్కెట్టును వెలుతురుకు పెట్టి ఒక కన్ను మూసి, వంకర ఉందేమో పరీక్ష చేశాడు. "పాస్" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నాన్న మొహం చూడలేకపోయాను.

"ఏటి తల్లీ ఇది?" అన్నాడు నాన్న. అంతమందిలో, పళ్ళెం పట్టుకుని, ముక్కు ఎగబీలుస్తూ, హిందీలో లాటిన్ చెప్పాను. బిస్ అంటే రెండుసార్లని, కోక్టుస్ అంటే కాల్చినదని, ఫ్రెంచివాళ్ళు ఇలాగే తినేవాళ్ళని. నాన్న పళ్ళెంలోంచి ఒకటి తీసుకున్నాడు. గేటు లోపలికి వచ్చి, ఆ వేసిన కుర్చీల్లో మొదటి దాంట్లో కూర్చుని, టీ గ్లాసు తెప్పించుకుని, బిస్కెట్టు అందులో ముంచి పట్టుకున్నాడు. "మా అమ్మాయి ఎమ్మే. అది సెప్పిందంటే అదే కరెక్టు. కూకోండి, ఇది నిలబడి తినేది కాదు" అన్నాడు.

పెద్ద సాబ్ కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాక మిగతావాళ్ళు నిలబడలేరు. అందరి చేతుల్లో టీ గ్లాసులు, గ్లాసుల్లో బిస్కెట్లు. తీసి చూస్తారు, కొరుకుతారు, ఇంకా అవలేదంటారు, మళ్ళీ ముంచుతారు. ఈలోగా టీ చల్లారిపోతుంది, మళ్ళీ వేడి టీ పోయాలి. ప్రసాదం అని అమ్మ ఒక మాట అనేసరికి సగంలో పారేసే ధైర్యం ఎవరికీ లేదు. జేబులో వేసుకుందామంటే తడిసి ఉంది. స్కూటరు తన్నడానికి ఏ చెయ్యీ ఖాళీ లేదు. ఊరికే ముంచుకుంటూ ఎంతసేపు కూర్చుంటారు, మాటలు మొదలుపెట్టారు.

ఆ మాటల్లో నాకు తెలియని మా నాన్న ఉన్నాడు. ఇంట్లో నోట్లోంచి మాట ఊడిపడని మనిషి, మిల్లులో అందరినీ కేకలేసి ఆడించేవాడట. పెద్ద సాబ్ గ్లాసు పక్కన పెట్టి ఒక సంగతి చెప్పాడు. ఆయన కుర్రాడుగా మిల్లులో చేరిన కొత్తలో ఆ హోరుకు బెదిరిపోయాడట. ఎవరు ఏమంటున్నారో తెలియదు. ఎర్రగా కాలిన పట్టా దూసుకొస్తుంటే అవతలి గట్టు నుంచి ఒక మీసాల మనిషి గడ్డం ఎగరేసి, "ఏటీ?" అని అరిచాడట. ఆ హోరులో ఆయన చెవికి స్పష్టంగా వినబడ్డ మొట్టమొదటి మాట అదేనట. "క్యా హువా అనీలోపల పట్టా ఎల్లిపోద్ది సాబ్. ఏటి అంటే సాలు" అని నాన్న ఆయనకు నేర్పాడట. ఇది చెప్పి పెద్ద సాబ్ చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని, "ఏటీ?" అన్నాడు. వెంటనే కుర్చీల్లో ఉన్న బీహారువాళ్ళూ, ఒరియావాళ్ళూ, ఛత్తీస్‌గఢీవాళ్ళూ అందరూ, "ఏటీ?" అన్నారు. మా మేనత్త లోపల్నుంచి, "ఎవులు పిలిచారు?" అని తుడుచుకుంటున్న చేతులతో పరుగెత్తుకొచ్చింది.

కుర్చీలు చాలలేదు. పక్కింటి నుంచి రెండు బెంచీలు తెచ్చాం. దీపాలు పెట్టే వేళయ్యాక కూడా క్రేన్ మావయ్య, "ఉండండెహె, నాది ఇంకా నానలేదు" అంటూ గ్లాసు వదల్లేదు. నాన్న దండ తీయడం మరిచిపోయి అలాగే నవ్వుతూ కూర్చున్నాడు. అంతా వెళ్ళిపోయాక నా దగ్గరికి వచ్చి నెత్తి మీద చెయ్యేసి, "బాగా కాల్పించినావే" అన్నాడు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఇప్పటికీ నాకు తెలియదు, అడిగే ధైర్యం కూడా చెయ్యలేదు. అప్పుడు మాత్రం మళ్ళీ ఏడ్చాను.

తరవాత క్వార్టరు ఖాళీ చేసి నాన్నా అమ్మా రిసాలీలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. నేను ఆ పక్క వీధిలోనే కాపురం పెట్టాను. క్లాసు ఇప్పుడు నాదే, జుట్టు నెరిసింది, కింద టైలరు కొడుకు బట్టలు కోసి కుట్టేదాకా ఎదిగాడు. బేకరీ చాచా చాలాకాలం నన్ను లాటిన్ దీదీ అని పిలిచాడు గానీ, బిస్కెట్లు మాత్రం మళ్ళీ ఒక్కసారే కాల్చాడు. మిల్లులో ఎవరైనా రిటైరయ్యే ముందు వాళ్ళ ఆడవాళ్ళు ఒకరిద్దరు అమ్మకు ఫోను చేసి, "అక్కా, మీ ఇంట్లో అప్పుడు పెట్టారు సూడండి, ఆ రాళ్ళు ఎలాగ చేయించారు?" అని అడిగారని అమ్మ చెప్పింది. నన్ను గొప్ప చెయ్యడానికి చెప్పిందో, నిజంగా అడిగారో గానీ, నేను నమ్మాను.

మొన్న మా క్లాసులో ఒక సంగతి జరిగింది. ప్రమోషను ఇంటర్వ్యూ కోసం ఇంగ్లీషు నేర్చుకుంటున్న ఒక కుర్రాడు ఉన్నాడు, రాంచీ వైపు వాడు, నాన్న పనిచేసిన మిల్లులోనే పని. నేనడిగిన ప్రశ్న వాడికి వినబడలేదు. గడ్డం ఎగరేసి, "ఏటి మేడమ్?" అన్నాడు. నా చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. "నువ్వు తెలుగువాడివా?" అని అడిగితే కాదన్నాడు. మరి ఆ మాట ఎక్కడిదంటే, "మిల్లులో అందరూ అంటారు మేడమ్. సైరను మోగుతున్నా వినబడుతుంది" అన్నాడు. ఎవరు తెచ్చారో తెలుసా అంటే, వాడు కాస్త ఆలోచించి, పెద్దమనిషి తరహాలో, "రష్యన్ వర్డ్ మేడమ్. ప్లాంటు కట్టినప్పుడు రష్యావాళ్ళు వచ్చారు గదా, వాళ్ళు వదిలి వెళ్ళింది" అన్నాడు.

ఎంత నవ్వు వచ్చిందో, ఎంత గర్వం వచ్చిందో, ఎందుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయో అన్నీ ఒక్కసారే జరిగాయి. లాటిన్‌నీ ఫ్రెంచినీ గాలించిన నేను, మా ఇంటి వంటింట్లోంచి బయల్దేరి మిల్లులోకి వెళ్ళి, పేరు తెలియనివాళ్ళ నోళ్ళలో స్థిరపడిపోయిన మాటను పుస్తకంలో ఎక్కడ వెతకను? క్లాసు వదిలేసి స్కూటీ మీద తిన్నగా రిసాలీ వెళ్ళాను. నాన్న వరండాలో టీలో బిస్కెట్టు ముంచుకుంటూ కూర్చున్నాడు. రొప్పుతూ అంతా చెప్పాను. ఆ కుర్రాడు పుట్టకముందే నువ్వు నాటిన మాట నాన్నా, ఇంకా అక్కడ బతికే ఉంది, నువ్వు ఇంటికొచ్చేశావు గానీ అది రాలేదు అన్నాను.

నాన్న నా వైపు చూడలేదు. వీధిలోకి చూస్తూ, "అయితే ఏటి?" అన్నాడు. అన్నాడు గానీ గ్లాసులో ముంచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ బిస్కెట్టు నాని నాని, నడుం విరిగి, టీలో మునిగిపోయింది. ఆయన వేళ్ళ మధ్య చిన్న ముక్క మాత్రం మిగిలింది. ఏదో ఒకటి అనకపోతే నేను ఏడ్చేసేలా ఉన్నాను. అలాంటప్పుడు నాలోని ఆ ఇరవై రెండేళ్ళ పిల్లే నన్ను ఆదుకుంటుంది, ఇప్పటికీ.

"అందుకే నాన్నా, రెండుసార్లు కాల్చాలని నేను చెప్పింది" అన్నాను.

"మళ్ళీ మొదలెట్టిందేటి దీని ఫ్రెంచి" అంది అమ్మ లోపల్నుంచి.